బావురుపిల్లి బరువు

రెండు వేల రెండో సంవత్సరం జూన్‌లో, దేశంలోని అడవి క్షీరదాలన్నిటి వివరాలూ ఒక్కచోట చేర్చాలని పైవాళ్ళకు బుద్ధి పుట్టింది. ఆ మహాకార్యంలో బందరులోని ఒక ప్రైవేటు కాలేజీ జంతుశాస్త్ర విభాగానికి ఇరవై ఏడు జంతువులు వాటాకొచ్చాయి. పులుల్నీ ఏనుగుల్నీ పెద్ద యూనివర్సిటీలు పంచేసుకోగా మిగిలినవన్నమాట: నక్క, ముంగిస, పందికొక్కు, నీటికుక్క, ఒంటినిండా పెంకులుండే అలుగు, చేపలు పట్టి తినే బావురుపిల్లి, ఆరు రకాల గబ్బిలాలు, ఇక ఎవరూ తీసుకోని ఎలుకలు.

ఒక్కో జంతువుకీ నలభై ఒక్క గడుల ప్రొఫార్మా. ఒంటి పొడవు, తోక పొడవు, బరువు, పళ్ళెన్ని, ఎన్నాళ్ళు మోస్తుంది, ఈతకెన్ని పిల్లలు, పగలు తిరుగుతుందా రాత్రా, ఒంటరిగానా గుంపుగానా, మంచు కురిసే కాలంలో ఎన్ని రోజులు నిద్రపోతుంది. ఈ చివరి గడి బందరు ముంగిసకి కూడా తప్పదు.

ఈ గడులన్నీ నింపడానికి తీసుకున్న అమ్మాయి జ్యోతిర్మయి. పెడనలో కలంకారీ అచ్చులు వేసే ధనరాజు కూతురు. ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు. అడవి జంతువుల మీద పరిశోధన అనగానే వీధిలో వాళ్ళంతా ఏ అడవికి వెళ్తున్నావని అడిగారు. పొద్దున ఎనిమిదింటి బస్సులో బందరు వెళ్ళి, చెప్పులు బయట విడిచి, విభాగాధిపతి గారి గదిలో కంప్యూటరు ముందు కూర్చోవడమే ఆ అడవి. కంప్యూటరు మీద దుమ్ము పడకుండా ఒక జరీ శాలువా కప్పి ఉండేది. అది విభాగాధిపతి నాగభూషణరావు గారికి ఎవరో సన్మానంలో కప్పిందే.

నాగభూషణరావు గారు పదవీ విరమణకి ఏడాదిన్నర దూరంలో ఉన్నారు. మంచి మనిషి. మధ్యాహ్నం తన క్యారియర్‌లో పెరుగు మిగిలితే జ్యోతిర్మయికి పంపేవారు. ఆయనకి ఒక్కటే భయం, ఖాళీ గడి. పైఆఫీసు పంపిన ప్రోగ్రాము ఒక్క గడి ఖాళీగా ఉన్నా మొత్తం జంతువుని తిప్పి పంపేస్తుంది. మొదటి నెల పద్నాలుగు జంతువులు తిరిగొచ్చాయి. "అసంపూర్తి జంతువు" అని ఎర్రక్షరాల్లో కనపడగానే ఆయనకి బీపీ పెరిగేది.

ఒకరోజు అలుగు దగ్గర చిక్కొచ్చింది.

"సార్, అలుగుకి పళ్ళుండవు కదండీ. సున్నా వేస్తే ఖాళీ అంటోంది కంప్యూటరు."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు ఆలోచించారు. "ఒకటి వేయమ్మా."

"ఒక పన్నా సార్?"

"ఒక్క పన్నుతో ఎవరికీ నష్టం లేదు. ముసలి అలుగనుకుంటారు."

అలా దేశంలో అలుగుకి పన్నొచ్చింది. పైఆఫీసు ఆ జంతువుని ఆనందంగా స్వీకరించింది. జ్యోతిర్మయికి ఆ రాత్రి అన్నం సహించలేదు. కానీ వారం తిరిగేసరికి ముంగిస నిద్రకి కూడా మూడు రోజులు వేసే స్థితికి వచ్చేసింది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు.

ప్రతి అంకె పక్కనా దాని ఆధారం రాయాలి. బావురుపిల్లికి పుస్తకాలన్నీ ఒకే మాట చెబుతున్నాయి: బరువు పదకొండు కిలోలు, ఈతకి రెండు పిల్లలు. పద్నాలుగు పుస్తకాలు తీస్తే పద్నాలుగింట్లోనూ అదే. జ్యోతిర్మయికి మొదట ముచ్చటేసింది, ఇంతమంది శాస్త్రవేత్తలు ఒక్క మాట మీద ఉండడం చూసి. తర్వాత అనుమానమొచ్చింది. పదకొండూ పావు అని ఒక్కడైనా అనొద్దా?

ఆధారాలు వెనక్కి పట్టుకుంటూ పోయింది. చివరి పుస్తకం అంతకుముందు పుస్తకాన్ని చూపించింది, అది ఇంకోదాన్ని. రెండు వారాలు ఉత్తరాలు రాసి, జిరాక్సులు తెప్పించుకుని, దారం చివర పట్టుకునేసరికి చేతికి తగిలింది పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది నాటి నాలుగు పేజీల వ్యాసం. రచయిత నాగభూషణరావు. కింద సన్నక్షరాల్లో ఉంది: "స్థానిక సమాచారం: పెద్దింట్లమ్మ, దివిసీమ."

వ్యాసం చూపించగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూశావా! ప్రపంచమంతా మనదే వాడుతున్నారు. అంతకుముందేడు నేను సైకిలు మీద తిరిగానమ్మా దివిసీమంతా."

"మీరు తూచారాండీ పిల్లిని?"

"కంటికి కనపడితే కదా తూచడానికి. అక్కడి వాళ్ళకి తెలిసినంత మనకేం తెలుసు? అడిగి రాసుకున్నాను." వ్యాసం తిప్పి చూసి, "సమాచారం ఇచ్చినవాళ్ళుంటే తొమ్మిదో నంబరు ఫారం కావాలి. ధ్రువీకరణ పత్రం. ఆవిడ ఉందో లేదో. ఉంటే ఒక వేలిముద్ర వేయించుకురా. మన అంకె మీద ఇంక ఎవరూ నోరెత్తరు," అన్నారు.

బందరు నుంచి చల్లపల్లి, అక్కణ్ణుంచి అవనిగడ్డ, అక్కణ్ణుంచి కోడూరుకి ఇంకో బస్సు. చివర నాలుగు కిలోమీటర్లు ఆటో. ఆ పల్లెపాలెంలో పెద్దింట్లమ్మ పేరు చెబితే ముగ్గురు మూడిళ్ళు చూపించారు. మూడో ఇంటి ముందు ఒకావిడ పట్టా మీద ఎండుచేపలు తిరగేస్తోంది. అరవై ఏళ్ళుంటాయి. తల మీద తడిగుడ్డ.

"పెద్దమ్మా, డెబ్బై ఎనిమిదిలో నాగభూషణరావు గారని ఒక మాస్టారు వచ్చి, బావురుపిల్లి గురించి అడిగారంట. మీరేనాండీ చెప్పింది?"

ఆవిడ చేప పట్టుకుని ఆగింది. "ఎవరూ, కళ్ళద్దాలాయనా? బురదలో సైకిలు తొక్కడం రాక, దాన్ని భుజానేసుకొచ్చాడు. ఉన్నాడా ఇంకా?"

"ఉన్నారండీ. మా సారు."

"కూర్చో అమ్మాయ్. ఆ నీడన కూర్చో."

జ్యోతిర్మయి కూర్చుని తొమ్మిదో నంబరు ఫారం ఒళ్ళో పెట్టుకుంది. "మీరు చెప్పింది పుస్తకాల్లోకెక్కింది పెద్దమ్మా. పద్నాలుగు పుస్తకాల్లో. పదకొండు కిలోలు, రెండు పిల్లలు. అది నిజమేనని మీరొక వేలిముద్ర వేస్తే చాలు."

పెద్దింట్లమ్మ నవ్వింది. పళ్ళు కొన్నే ఉన్నాయి. నవ్వుతూ నవ్వుతూ ఆపేసింది.

"ఉప్పెనొచ్చి మూణ్ణెల్లు కాలేదప్పటికి. ఇక్కడ ఇల్లు లేదు, గట్టు లేదు, చెట్టు లేదు. ఎవరి మనిషి ఎక్కడ తేలాడో తెలవదు. రోజూ ఎవరో ఒకరు రావడం, అడగడం, రాసుకుపోవడం. ఎంతమంది పోయారు, గొడ్లెన్ని పోయాయి, వలలెన్ని పోయాయి. ఈయనొచ్చి పిల్లులెన్ని మిగిలాయన్నాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటా? అడిగినదానికి చెబితే ఎల్తారు, చెప్పకపోతే ఎల్లరు. అది నేర్చేసుకున్నాం అప్పటికి. పిల్లి ఎంత బరువుంటదన్నాడు. ఆ పొద్దున్నే లారీలో బియ్యమొచ్చాయి. నాకు కొలిచి పదకొండు కిలోలిచ్చారు. అది నోట్లో ఆడతంది. పదకొండన్నా."

జ్యోతిర్మయి ఒళ్ళోని ఫారం వైపు చూసుకుంది.

"ఈతకెన్ని పిల్లలన్నాడు," అని పెద్దింట్లమ్మ ఇంకో చేప తిరగేసింది. "నాకు ఐదుగురమ్మా. ఇద్దరు మిగిలారు. రెండన్నా."

సముద్రం వైపు నుంచి గాలి వచ్చి ఒళ్ళోని ఫారాన్ని ఎగరగొట్టబోతే జ్యోతిర్మయి రెండు చేతులా అదిమిపట్టింది. ఈతకి రెండు. ఆ అంకెని ఆమె స్వయంగా టైపు చేసింది, పోయిన నెల ఒక మంగళవారం, బఠాణీలు తింటూ.

"తప్పయిందా అమ్మాయ్? కేసేమన్నా అవుద్దా?" పెద్దింట్లమ్మ భయంగా అడిగింది. "ఏదీ, ఎక్కడెయ్యాలి వేలు?"

"వద్దు పెద్దమ్మా," అని జ్యోతిర్మయి ఫారం మడిచి సంచిలో పెట్టేసుకుంది.

తర్వాత చాలాసేపు ఇద్దరూ మాట్లాడుకున్నారు, ఎక్కువగా పిల్లి గురించే. ఆవిడకి దాని గురించి తెలియంది లేదు. పోటు సమయంలో మడచెట్టెక్కి కూర్చుంటుందట. పాయ ఒడ్డున ఒంగి, పంజాతో నీళ్ళ మీద సన్నగా తడుతుందట. పురుగు పడిందనుకుని చేప పైకి రాగానే తల ముంచి పట్టేస్తుందట. పీత దొరికితే ముందు కొండిలు విరిచి, గట్టు మీద పెట్టి, వెనక్కి జరిగి చూస్తుందట. ఇదంతా ఏ గడిలో పెట్టాలో జ్యోతిర్మయికి తెలియలేదు. నలభై ఒక్కటీ గుర్తు చేసుకుంది. ఒక్కటీ పట్టలేదు.

ఇంటికొచ్చాక రెండు రోజులు కాలేజీకి వెళ్ళలేదు. ధనరాజు కూతురి వాలకం కనిపెట్టి, చెక్క అచ్చుని రంగులో ముంచుతూ విషయమేంటని అడిగాడు. ఆమె చెప్పింది. పెద్దింట్లమ్మ పిల్లల సంగతి కాదు, పద్నాలుగు పుస్తకాల సంగతి.

"ఇందులో ఆశ్చర్యమేముందే," అన్నాడాయన, గుడ్డ మీద అచ్చు కొడుతూ. "పోయినేడు మావిడిపిందె అచ్చుకి ఓ మూల చితికింది. నేను చూళ్ళేదు. మూడొందల గజాలు పోయింది సరుకు. కొన్నవాళ్ళు అది కొత్త డిజైనేమో, అలాంటివే ఇంకా కావాలని రాశారు."

"మరేం చేశారు నాన్నా?"

"చేసేదేముంది? కొత్త అచ్చు చెక్కించా. పాతవే కావాలని ఇప్పటికీ అడుగుతున్నారు."

కొత్త అచ్చు కావాలంటే ముందు పిల్లి కావాలి. అదీ వారంలోపే దొరికింది, కాకపోతే చచ్చిపోయి. బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువులున్న ఆనందరావు అనే ఆసామి గట్టు మీద, మోటారు తీగ తగిలి ఒక బావురుపిల్లి పడి ఉందని తెలిసి జ్యోతిర్మయి పరుగెత్తింది. ఆనందరావు ఆమెని చూడగానే రెండు చేతులూ ఎత్తేశాడు.

"ఇది మా పిల్లి కాదండీ. పక్క చెరువుదండీ. మా గట్టు మీదకొచ్చి చచ్చిందంతే."

"నేను ఫారెస్టు వాళ్ళ మనిషిని కాదండీ. బరువు చూసుకుని వెళ్ళిపోతాను."

"బరువెందుకండీ? కిలోకింతని ఫైనేస్తారా?"

ఆమె కాలేజీ గుర్తింపు కార్డు, నియామకపత్రం, పైఆఫీసు ఉత్తరం మూడూ చూపిస్తే గానీ ఆయన మెత్తబడలేదు. చివరికి రొయ్యలు తూచే కాటా మీద గోనెపట్టా పరిచి పెట్టారు. ఆడపిల్లి. బూడిదరంగు ఒంటి మీద వరసగా నల్లటి మచ్చలు, వేళ్ళ మధ్య సన్నటి తోలు. ఏడు కిలోల నాలుగు వందల గ్రాములు. జ్యోతిర్మయి మూడుసార్లు తూచింది. ఇన్నాళ్ళుగా నింపిన వెయ్యికి పైగా గడుల్లో తన కళ్ళతో చూసి రాసుకున్న మొదటి అంకె అదే. ఆనందరావు పక్కన నిలబడి, స్థలం దగ్గర పమిడిముక్కల అని రాయమని బతిమాలాడు. అక్కడ తనకి చెరువుల్లేవట.

సోమవారం నాగభూషణరావు గారి ముందు కూర్చుని మొత్తం చెప్పింది. బియ్యం సంగతి చెప్పేటప్పుడు ఆయన మొదట నవ్వబోయారు. పిల్లల సంగతికి వచ్చేసరికి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. బయట కాలేజీ కుర్రాళ్ళు వాలీబాల్ ఆడుతున్నారు.

"ఆవిడ ఏడుస్తోందమ్మా అప్పుడు," అన్నారు చివరికి. "నాకు గుర్తుంది. గాలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయనుకున్నాను. అలాగనుకుంటే రాసుకోవడం తేలికయింది."

ఆ మధ్యాహ్నం ఆయన భోజనం చేయలేదు. స్వయంగా పైఆఫీసుకి ఉత్తరం రాశారు. డెబ్బై తొమ్మిదిలో తాను వేసిన రెండు అంకెలకీ ఆధారం లేదని, వాటిని తీసేయమని, ప్రస్తుతం తూచిన ఒకే ఒక్క పిల్లి బరువు ఏడు కిలోల నాలుగు వందలని. సంతకం పెట్టే ముందు కలం మూడుసార్లు పైకెత్తారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ప్రపంచం ఆయన్ని గుర్తుపట్టింది ఆ రెండు అంకెలతోనే మరి.

జవాబు నలభై రోజులకి వచ్చింది. అందులో మర్యాదకి లోటు లేదు. "సదరు విలువలను పద్నాలుగు ప్రామాణిక గ్రంథాలు ధ్రువపరుస్తున్నందున, వాటిని ఒక్క రచయిత అభిప్రాయం మేరకు మార్చుట వీలుపడదు. తమరు పంపిన కొత్త బరువు గ్రంథాలతో విభేదిస్తున్నందున దానిని అసాధారణ విలువగా భద్రపరచడమైనది."

"ఆ ఒక్క రచయితా నేనే కదమ్మా," అన్నారు నాగభూషణరావు గారు, కాగితాన్ని దూరంగా పట్టుకుని చదువుతూ.

మళ్ళీ రాశారు. మళ్ళీ జవాబొచ్చింది. రెండో జవాబులో, 1979 నాటి నాగభూషణరావు వ్యాసాన్ని ఒకసారి చదవవలసిందిగా ఆయనకే సలహా ఇచ్చారు.

మరుసటేడు ఫిబ్రవరిలో మొత్తం వివరాల సీడీని విడుదల చేశారు. మన ప్రాంతపు సభ గుడివాడలో ఒక కల్యాణమండపంలో జరిగింది. ముఖ్య అతిథిది ఆ ఊరు. బ్యానరు మీద చిరుతపులి బొమ్మ వేయించారు, బావురుపిల్లి ఫోటో ఎవరి దగ్గరా లేకపోవడంతో. సన్నాయి మేళం వాళ్ళు ముందురోజు పెళ్ళికొచ్చి ఇంకా వెళ్ళలేదేమో, అతిథి రాగానే వాళ్ళంతట వాళ్ళే అందుకున్నారు. వక్తలు దేశంలో ఏ జంతువుకీ ఒక్క గడీ ఖాళీ లేదని గర్వంగా చెప్పారు. నాగభూషణరావు గారికి శాలువా కప్పి, రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

జ్యోతిర్మయి మూడో వరసలో కూర్చుంది. ఆయన మైకు పట్టుకుని కాసేపు మాట్లాడలేదు. మైకు పనిచేయడం లేదేమోనని ఒకాయన వచ్చి తట్టి వెళ్ళాడు.

"ఈ సీడీలో బావురుపిల్లి ఈతకి రెండు పిల్లలని ఉంటుంది," అన్నారాయన. "అవి పిల్లి పిల్లలు కావు. ఉప్పెనలో ఐదుగురు పిల్లల్లో ఇద్దరు మిగిలిన ఒక తల్లి, నేనడిగితే తన లెక్క చెప్పింది. నేను పిల్లి లెక్క రాసుకున్నాను. పాతికేళ్ళుగా అందరూ ఆవిడ పిల్లల్ని పిల్లి ఖాతాలో వేస్తున్నారు. తప్పు నాది. దయచేసి..."

ఉప్పెన అన్న మాట వినపడగానే పెద్దవాళ్ళు కొందరు కళ్ళొత్తుకున్నారు. ఆయన "దయచేసి" అనేలోపు ముఖ్య అతిథి లేచి నిలబడి, ఉప్పెన మృతులకి ఒక నిమిషం మౌనం పాటిద్దామన్నాడు. అందరూ లేచారు. మౌనం అయిపోగానే చప్పట్లు కొట్టారు. తర్వాత భోజనాలు.

మర్నాడు జిల్లా పేపర్లో ఒక మూల వార్త పడింది: "బావురుపిల్లికి రెండే పిల్లలు: పరిశోధకుడి భావోద్వేగం."

సభ అయ్యాక గుడివాడ బస్టాండులో బందరు బస్సెక్కారు ఇద్దరూ. నాగభూషణరావు గారు శాలువాని మడత కూడా పెట్టకుండా ఒళ్ళో కుప్పగా పెట్టుకున్నారు. కౌతవరం దగ్గర బస్సాగినప్పుడు అడిగారు.

"నువ్వు చూసిన పిల్లి, వేళ్ళ మధ్య తోలు ఎంతవరకు ఉందమ్మా? గోళ్ళ దాకానా?"

"సగం దాకానే సార్. గోళ్ళు లోపలికి పూర్తిగా ముడుచుకోవడం లేదు. కొసలు పైకి కనపడుతున్నాయి."

"అవునా?" ఆయన ఆమె వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నారు. "పుస్తకాల్లో చదివాను గానీ... అవునా? ఒంటి రంగు పొట్ట దగ్గర ఎలా ఉంది?"

జ్యోతిర్మయి సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. కాలేజీది కాదు, తన సొంతం. నెలకి రెండు గురువారాలు దివిసీమ వెళ్ళి, పెద్దింట్లమ్మ చెప్పినవీ తాను పాయ గట్టున చూసినవీ అందులో రాసుకుంటోంది. ఒక పేజీలో బురదలో పడ్డ అడుగుల బొమ్మ, ఇంకో పేజీలో విరిచిపెట్టిన పీత కొండిల వరస. ఆయన బస్సు కుదుపులకి కళ్ళజోడు పట్టుకుని ఒక్కో పేజీ చదివారు. పెడన వచ్చింది. జ్యోతిర్మయి దిగాల్సిన చోటు. దిగలేదు. బందరు దాకా చదవనిచ్చింది.

"మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నావు?" అన్నారు బస్టాండులో పుస్తకం తిరిగిస్తూ.

"వచ్చే గురువారం సార్."

"ఆవిడ నన్ను రానిస్తుందంటావా?"

"అడిగి చెప్తానండీ."

గురువారం అడిగింది. పెద్దింట్లమ్మ వల బాగుచేస్తూ వింది. గుడివాడలో ఆయన అందరి ముందూ అన్నమాట జ్యోతిర్మయి పూసగుచ్చినట్టు చెబితే, చీరకొంగుతో ముక్కు తుడుచుకుంది.

"రమ్మను," అంది చివరికి. "వచ్చేప్పుడు కోడూరులో తమలపాకులు తెమ్మను. ఇక్కడివి చేదు."

ఆయన మరుసటి వారమే జ్యోతిర్మయితో బయల్దేరారు. కోడూరులో బస్సు దిగి రెండు కట్టలు కొన్నారు, చాలవేమోనని వెనక్కి వెళ్ళి ఇంకో కట్ట. ఆటోలో ఆకులు నలక్కుండా తడిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఆటోవాడు పెళ్ళి చూపులకా మాస్టారూ అనడిగాడు. అలాంటిదేనన్నారు నాగభూషణరావు గారు, రోడ్డు వైపు చూస్తూ. మడచెట్లు మొదలయ్యే చోట ఆయన ఆటో ఆపించారు. మిగిలిన దూరం నడిచే వెళ్దామమ్మా అన్నారు.